నంగాంజి నీళ్ళు, నాయకుల పాళేలు, మండీ లారీలు



ఒట్టన్‌చత్రంలో తెలుగువాళ్ళ సభ అంటే వక్తలు విరూపాక్షి గోపాల నాయకుడితో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆయన దగ్గరికి నేనూ వస్తాను. ముందు మునక్కాయల సంగతి మాట్లాడుకుందాం.

మీ గాంధీ మార్కెట్‌కు ఒక సాయంత్రం వెళ్ళి నిలబడ్డాను. మునక్కాయల కట్టలు, చిన్న ఉల్లిగడ్డల గోతాలు, టమాటా ట్రేలు మినీ లారీల్లో వచ్చి దిగుతున్నాయి. దిగినవి దిగినట్టే పెద్ద లారీలెక్కి పాలక్కాడు వైపు వెళ్తున్నాయి. మండీలో లెక్క రాస్తున్న కుర్రవాడు రైతుతో తమిళం, కేరళ వ్యాపారితో మలయాళం మాట్లాడుతున్నాడు. ఫోన్ మోగితే అవతల ఉన్న వాళ్ళమ్మతో, "వస్తాండా, అన్నం పెట్టేసి పండుకో" అన్నాడు. తమిళనాడులో చెన్నై కోయంబేడు తర్వాత పెద్ద కూరగాయల మార్కెట్ తమదేనని ఇక్కడివాళ్ళు గర్వంగా చెబుతారు. ఓనం దగ్గరపడితే కేరళ వంటిళ్ళు ఈ ఊరివైపు చూస్తాయి. టమాటా ధర పడిపోయిన రోజున రైతు ట్రేలను రోడ్డుపక్కన కుమ్మరించి పోతాడు. ఈ ఊరికి అభివృద్ధి అంటే ఈ మార్కెట్టే. 1928లో దిండుగల్లు నుంచి పళని మీదుగా పొల్లాచ్చి వైపు వేసిన మీటర్ గేజ్ రైలుమార్గం, అది తర్వాత బ్రాడ్ గేజ్ కావడం, జాతీయ రహదారి, కొత్త నాలుగు వరసల రోడ్డు, అన్నీ ఈ మార్కెట్ చుట్టూ అల్లుకున్నవే.

నాకిచ్చిన అంశం చరిత్ర ఉన్న చిన్న పట్నం తన పాతదనాన్ని, కొత్త ఎదుగుదలను ఎలా సర్దుకోవాలన్నది. ఆ మాట వినగానే మనకు మదురై కళ్ళముందు మెదులుతుంది. 1636లో కట్టిన తిరుమల నాయకుడి మహలు, దాని బొద్దు స్తంభాలు, సాయంత్రపు దీపాల ప్రదర్శన. లేదంటే దిండుగల్లు కొండ మీది కోట. 17వ శతాబ్దం తొలినాళ్ళలో మదురై నాయకులు కట్టించిన ఆ కోటలోనే 1755లో హైదర్ అలీ ఫౌజుదారుగా దిగాడు. 1792 సంధితో అది కుంపిణీ చేతికి పోయింది. ఈ రెంటికీ కాపలాదారులున్నారు. దిండుగల్లు కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పురావస్తు చట్టపు 2010 సవరణ ప్రకారం అలాంటి కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త కట్టడాలు లేవవు, ఆ తర్వాత మరో 200 మీటర్లు అనుమతి కావాలి. దారినపోయే యాత్రికుడు టిక్కెట్టు కొని కోట ఎక్కి, దిగి, 1957లో నాగసామి నాయుడు మొదలుపెట్టిన తలప్పాకట్టు బిరియానీ తిని వెళ్ళిపోతాడు. ఆ ఊళ్ళలో వారసత్వం ఎక్కడుందో అడిగితే వేలు పెట్టి చూపించొచ్చు.

ఒట్టన్‌చత్రంలో వేలు దేనివైపు చూపిస్తాం? ఇక్కడ పెద్ద గోపురం లేదు, మహలు లేదు. చుట్టూ ఉన్నవి పాళేలు. పడమటగా పళని దారిలో విరూపాక్షి, ఇంకాస్త పోతే ఆయక్కుడి, తూర్పున కన్నివాడి, ఉత్తరాన ఇడయకోట. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురై ఏలుబడికి వచ్చాక దళవాయి అరియనాథ మొదలియారుతో కలిసి దేశాన్ని 72 పాళేలుగా ఏర్పరిచాడని చెప్పే లెక్కలో ఇవన్నీ ఉన్నాయి. వాటిని ఏలినవారిలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడిన కంబళత్తు నాయకులు. కోట అనే పేరున్న చోట ఇవాళ కూలిన మట్టిగోడ ఒకటి, గుర్తుగా ఒక గుడి, రెండు మూడు రాతిస్తంభాలు మిగిలి ఉంటే అదృష్టం. వీటికి టిక్కెట్టు పెట్టినా కొనేవాడుండడు.

ఇప్పుడు గోపాల నాయకుడు. 1772లో కాళయార్‌కోయిల్‌లో శివగంగ రాజు ముత్తు వడుగనాథ తేవరును కుంపిణీ సైన్యం, ఆర్కాటు నవాబు సైన్యం కలిసి చంపాయి. ఆయన భార్య వేలు నాచియార్ బిడ్డతో సహా తప్పించుకుని వచ్చింది ఈ విరూపాక్షికే. సుమారు ఎనిమిదేళ్ళు ఇక్కడ తలదాచుకుని, దిండుగల్లులో ఉన్న హైదర్ అలీ సాయం సంపాదించి, 1780లో తిరిగి శివగంగ చేజిక్కించుకుంది. ఆమెకు నీడనిచ్చిన గోపాల నాయకుడే ఇరవై ఏళ్ళ తర్వాత దిండుగల్లు పాళెగాళ్ళను కూడగట్టాడు. శివగంగ మరుదు సోదరులు, కొంగునాట తీరన్ చిన్నమలై, మలబారులో కేరళవర్మ, కన్నడ దేశంలో ధోండియా వాఘ్ వరకు ఆ తిరుగుబాటు అల్లిక సాగింది. 1800 జూన్‌లో కోయంబత్తూరు కోట మీద దాడి బెడిసికొట్టింది. 1801లో విరూపాక్షి పడిపోయింది. గోపాల నాయకుణ్ణి పట్టుకుని ఉరితీశారు. ఈ కథను దస్తావేజులతో కూర్చి చెప్పినవాడు కె. రాజయ్యన్. 1971లో వచ్చిన ఆయన పుస్తకం ఇది 1857కు అరవై ఏళ్ళ ముందటి తొలి స్వాతంత్ర్య సమరమని వాదించింది. ఆ వాదం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆయన చూపిన కాగితాలను కాదనలేం.

విరూపాక్షిలో ఇప్పుడు ఆయనకు మణిమండపం ఉంది. ఏటా పూలమాలలు, జెండాలు, కార్ల వరసలు. నాకు అభ్యంతరం లేదు. ఒక్క సంగతి మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గోపాల నాయకుడి మండపానికి నాయకుల కులంవాళ్ళు వస్తారు, మరుదు సోదరుల గురుపూజకు వాళ్ళ వాళ్ళు పోతారు, చిన్నమలైకి ఇంకొకరు. బతికినన్నాళ్ళూ వీళ్ళు ఒకరి ఇంట్లో ఒకరు దాక్కున్నారు, ఒకరి కోసం ఒకరు తలలిచ్చారు. మనం చచ్చినవాళ్ళను కులాలవారీగా పంచుకున్నాం. తెలుగు నాయకుడు మరవల రాణిని కాపాడిన ఊరు ఇది. దీన్ని ఒక కులపు పుణ్యక్షేత్రం చేస్తే ఊరికున్న పెద్ద గొప్ప పోతుంది.

మండపం కట్టడం తేలిక. స్థలం దొరికితే, గ్రాంటు వస్తే రెండేళ్ళలో లేస్తుంది. నా బెంగ కట్టనక్కర్లేనివాటి గురించి. పాళెగాడు మనకు వదిలిపోయినవాటిలో అసలైనవి ఇంకా పనిచేస్తున్నాయి. అందుకే వాటిని ఎవరూ పురాతనమని గుర్తించరు.

నంగాంజి ఏరు సంగతి చూడండి. పళని కొండల్లో పుట్టి, విరూపాక్షి దగ్గర తలైకుత్తు జలపాతంగా దూకి, కిందికి పారి, ఇడయకోట మీదుగా పోయి అమరావతి నదిలో కలుస్తుంది. విరూపాక్షి, ఇడయకోట రెండు పాళేల నోళ్ళూ ఈ ఒక్క ఏటి మీద ఆధారపడ్డాయి. కొండ మీద పరప్పలారు ఆనకట్ట వచ్చింది, ఇడయకోట దగ్గర నంగాంజియారు ఆనకట్ట వచ్చింది. మధ్యలో ఉన్నవన్నీ పాత చెరువులు. ఇక్కడ మనం కొళాలు అంటాం. వర్షాకాలంలో కొండ వాగుల నీళ్ళను కాలువలతో తెచ్చి ఒక కొళం నింపి, అలుగు పారితే కింది కొళానికి పంపి, అక్కణ్ణుంచి దాని కిందిదానికి. వంద ఊళ్ళు ఆ వరసలో వేలాడుతున్నాయి.

ఈ మధ్య అలాంటి ఒక కొళం కట్ట మీద నడిచాను. ఊరి పేరు చెప్పను, చెబితే రేపు పేచీ అవుతుంది. నీటి మధ్యలో పాత తూము నిలబడి ఉంది. రెండు రాతికంబాలు, వాటిని కలుపుతూ పైనొకటి, కిందొకటి అడ్డరాయి. అడ్డరాళ్ళకు నడిమధ్య ఒక్కో బెజ్జం. ఆ బెజ్జాల్లోంచి పొడవాటి కర్ర దించి, దాని కింది మొనకు బిగించిన బిరడాతో అడుగున ఉన్న నీటికన్ను మూసేవారు, పైకి లాగితే పొలాలకు నీళ్ళు. ఒక కంబం మీద చేతులు జోడించిన మనిషి బొమ్మ చెక్కి ఉంది. తలపాగా, నడుముకు బాకు. కట్టించినవాడో, నీరుగట్టివాడో తెలియదు. ఇవాళ ఆ బెజ్జాల్లో కర్ర లేదు. పక్కనే సిమెంటు తూము, ఇనుప చక్రం. ప్రభుత్వం కుడిమరామత్తు పథకం కింద పూడిక తీయించింది, మట్టి లారీల్లో వెళ్ళింది, కట్ట గట్టిపడింది. అంతా బాగానే ఉంది. కట్ట దిగి ఎగువకు పోయి కొళానికి నీళ్ళు తెచ్చే కాలువ వెతికితే అర కిలోమీటరు తర్వాత కాలువే లేదు. పసుపు, తెలుపు రంగులేసిన ప్లాట్ల రాళ్ళు బారులు తీరి ఉన్నాయి. లేఔట్ ముఖద్వారం మీద ఒక దేవుడి పేరు పెట్టి పక్కన "నగర్" అని రాశారు. రెవెన్యూ ఎఫ్‌ఎంబీ పొలాల కొలతల పటంలో ఆ కాలువ ఉంది, ఎ-రిజిస్టర్‌లో కాలువ పోరంబోకు అని ఉంది, నేల మీద మాత్రం లేదు. వాన కురిసినప్పుడు నీళ్ళు పాతదారి మర్చిపోవు కాబట్టి ఆ నగర్‌లో మోకాళ్ళలోతు నిలుస్తాయి. కిందికొళం ఎండుతుంది.

కోటగోడ కూలితే పత్రికలో ఫోటో వస్తుంది. ఈ కాలువ మాయమైతే ఎక్కడా రాయలేదు. రెండింటిలో ఏది పెద్ద నష్టమో మండీకి మునక్కాయలు తెచ్చే రైతును అడగండి. నన్నడిగితే కాలువే అంటాను.

ఇక్కడొక సంగతి చెప్పి తీరాలి. తెలుగు వలస అంటే మనం నాయకులు, నాయుళ్ళు, రెడ్లు అని ఆపేస్తాం. ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు కోయంబత్తూరు, దిండుగల్లు జిల్లాల్లో లక్షలమంది ఉన్నారు. ఈ మెట్టనేలలో చెరువు అందనిచోట బావి తవ్వారు, బావి మీద కపిల తోలారు. ఎద్దులు దిగువాటున దిగుతుంటే పైకి వచ్చేది తోలుబాన, నీళ్ళు ఒలికేది తోలుతొండంలోంచి. ఆ తోలు కోసి, నానబెట్టి, కుట్టి, ప్రతి కారుకూ మరమ్మత్తు చేసింది వీళ్ళే. పాళెగాడి కత్తికి ఒర వీళ్ళది, రైతు పాదాలకు చెప్పులు వీళ్ళవి. తర్వాత 1930లలో పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు చేరింది. అక్కడి తెలుగు కుటుంబాలు పెట్టిన ఫౌండ్రీలు, వర్క్‌షాపులు మోటార్లు, పంపుసెట్లు పోతపోశాయి. జి.డి. నాయుడు పేరు మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు, 1893లో కలంగల్ అనే పల్లెలో పుట్టి మోటార్లదాకా పోయినవాడు. పంపు వచ్చింది, కపిల పోయింది, తోలుబాన కుట్టేవాడి పని పోయింది. అభివృద్ధి ఒక తెలుగు ఇంటికి మిల్లు ఇచ్చింది, ఇంకో తెలుగు ఇంటి చేతివృత్తిని మింగింది. 2009లో అరుంధతీయులకు వచ్చిన 3 శాతం ఉపకోటా ఆ లెక్కను కొంచెం సరిచేసే ప్రయత్నం. మన వారసత్వ జాబితాలో కత్తికి చోటుండి తోలుబానకు చోటు లేకపోతే ఆ జాబితా సగమే. ఒక్క తోలుబాన అయినా ఏ అటకమీదైనా మిగిలి ఉంటే ఎవరైనా దాచండి.

రోడ్డు దగ్గరికి వద్దాం. కొత్త రోడ్డు మీద కోపం తెచ్చుకోవడం మాలాంటి ఉపన్యాసకులకు అలవాటు. నేను ఆ కోపం తెచ్చుకోను. ఈ దారి దారిగా ఉండబట్టే ఊరు పుట్టింది. 1689 నుంచి 1706 దాకా మదురై ఏలిన రాణి మంగమ్మ రోడ్లు వేయించి, చత్రాలు కట్టించి పేరు తెచ్చుకుంది. పళని దండాయుధపాణికి కావడి ఎత్తుకుని నడిచేవాళ్ళు అప్పుడూ ఇప్పుడూ ఈ దారినే పోతున్నారు. తైపూసం రోజుల్లో రాత్రంతా బారులు. వాళ్ళ పక్కనుంచే కేరళ లారీలు. లారీకి ఊరి బయటి దారి దొరికితే నడిచేవాడి ప్రాణం దక్కుతుంది, మార్కెట్ వీధిలో ఊపిరాడుతుంది. కావలసిందే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చింతచెట్లు, రాతిమండపాలు, సుమైతాంగి రాళ్ళు పోతాయి. తలమీది మూట దించుకోవడానికి నిలబెట్టిన ఆ రాళ్ళను ఇప్పటివాళ్ళు విరిగిన గుమ్మాలనుకుంటారు. వీటిని పక్కకు జరిపి నిలబెట్టడానికి ఒక క్రేన్, ఒక పూట చాలు. అడిగేవాడు లేక అవి గుంతలు పూడ్చే రాయిగా పోతున్నాయి. కొత్త రోడ్డు కొళం ఎగువ కాలువను దాటేచోట ఎంత పెద్ద కల్వర్టు పెడుతున్నారన్నది ఇంకా ముఖ్యం. కట్టలా లేచిన రోడ్డుకు తగిన కంతలు లేకపోతే అదే ఆనకట్ట అవుతుంది, కిందికొళం గతి అంతే.

పాత కాలువను కొత్త రోడ్డుతో సర్దే ఇలాంటి పని ఎవరైనా చేశారా అంటే, జపాన్‌లో కనజావా ఉంది. మయెదా వంశపు దొరల కోటపట్నం. 1632లో కోటకు నీళ్ళు తెచ్చేందుకు తవ్విన తత్సుమి కాలువతో పాటు ఊళ్ళో యాభైకి పైగా కాలువలు పారుతున్నాయి. యుద్ధానంతరం కార్ల కాలం వచ్చి చాలాచోట్ల కాలువల మీద పలకలు పరిచి పార్కింగు చేశారు. 1968లోనే ఆ నగరం పాత పరిసరాల రక్షణకు సొంత శాసనం చేసుకుంది, 1990లలో కాలువలకు విడిగా ఇంకొకటి. పలకలు తీయించి, నీళ్ళు మళ్ళీ బయటికి తెచ్చి, ఇంటికీ రోడ్డుకూ మధ్య చిన్న వంతెనలు వేశారు. కోట కంటే ముందు కాలువను బతికించుకున్నారన్నది నాకు నచ్చిన విషయం. వాళ్ళ దగ్గర డబ్బుందని మీరనొచ్చు. నిజమే. కాలువ పోరంబోకు మీద రాళ్ళు పాతకుండా ఆపడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు.

ఇంట్లో మాట గురించి కూడా రెండు ముక్కలు. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవారు 42 లక్షల పైచిలుకు. 2006 చట్టం వచ్చాక బడిలో మొదటి భాష తమిళం. ఈ సభలో ఉన్న కుర్రాళ్ళలో తెలుగు అక్షరాలు చదవగలిగినవారు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. మీ పెళ్ళిపత్రికల మీద తెలుగు తమిళ లిపిలో ఉంటుంది. దీన్ని చూసి ఏడ్చేవాళ్ళను చాలామందిని చూశాను. మదురైలో విజయరంగ చొక్కనాథుడి కొలువులో సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినీభారతాన్ని వచనంలో రాశాడు, తెలుగు వచనం అక్కడ కొత్త నడక నేర్చింది. ఆ దరి నుంచి ఈ దరికి వచ్చామని వాళ్ళ దుఃఖం. ఏడ్చేముందు ఇడైసేవల్ రచయిత కి. రాజనారాయణన్‌ను గుర్తుచేసుకోండి. ఇంట్లో తెలుగు, రాత తమిళం. వలస వచ్చిన తెలుగు కుటుంబాల కథను తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. 2021లో పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపింది. ఆయన తన జనం కథను నాయనమ్మల నోట విన్నాడు. మీ ఇళ్ళలో కూడా ఆ నాయనమ్మలు ఇంకా ఉన్నారు. లిపి ఏదైనా పర్వాలేదు, చేతిలో ఫోన్ ఉంది, రికార్డు చేయండి. వాన పేర్లు, నేల పేర్లు, ఎద్దుల పేర్లు, తూముల పేర్లు, దేవరాట్టం ఆడేటప్పుడు ఉరుమి మీద పలికించే దరువుల పేర్లు, కులదేవత జక్కమ్మ గుడి దగ్గర చెప్పే వరసలు. కాలువ ఎటునుంచి వచ్చేదో పటం చెప్పనిచోట ముసలమ్మ చెబుతుంది.

కాగితాలు కూడా ఉన్నాయి. కర్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి పాళెగాళ్ళ వంశావళులు రాయించుకున్నారు. చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తకాగారంలో ఆ కట్టలున్నాయి. వంశావళుల్లో పులిని చంపినవాడు, రాయలవారి మెప్పు పొందినవాడు వంటివి పెద్దగా నమ్మదగినవి కావు. చదవాల్సింది ఆ తర్వాతి వాక్యాలు. ఏ అడవి కొట్టించారు, ఏ చెరువు తవ్వించారు, ఏ గుడికి ఏ మాన్యం ఇచ్చారు అని. దిండుగల్లు కలెక్టరు హర్డిస్ 1790ల చివరలో రాసిన నివేదికల్లో పాళేల శిస్తు, నీటి లెక్కలు ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ నేల మీద ఏ కొళం ఎప్పటిదో సగానికి పైగా తేలిపోతుంది.

చివరగా ఈ ఉపన్యాసం సంగతి. దీనికి ధర్మనిధి పెట్టించిన తెలుగు పంతులుగారు, ఆహ్వానపత్రంలో పేరున్న ఆ పెద్దాయన, సన్మానాలు పడనివాడు. ఏడాదికో ఉపన్యాసం, ఒక శాలువా, ఒక పుస్తకంతో ఆయన సొమ్ము ఖర్చుపెట్టడం నాకు మనస్కరించడం లేదు. ఈ ఏటి వడ్డీతో ఒక పని చేయమని కమిటీవారిని అడుగుతున్నాను. తాలూకా ఆఫీసులో నంగాంజి వెంట విరూపాక్షి నుంచి ఇడయకోట దాకా ఉన్న కొళాలన్నిటి ఎఫ్‌ఎంబీ పటాలకు సర్టిఫైడ్ నకళ్ళు తీయించండి. కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరిద్దరుగా, ప్రతి జంటకూ ఒక పెద్దవాణ్ణి తోడుచేసి, పటం పట్టుకుని కాలువ వెంట నడవాలి. ఎక్కడ తెగిందో గుర్తు పెట్టాలి, తూము కనిపిస్తే ఫోటో తీయాలి, దారిలో సుమైతాంగి రాయి ఉంటే రాసుకోవాలి. ఆ గుర్తులన్నీ మునిసిపాలిటీకి, రహదారుల శాఖకు, కలెక్టరు గారికి తమిళంలో అర్జీగా పెట్టండి, నకలు రసీదు తీసుకోండి. చిత్తిరై ఎండలు ముదిరేలోపు మొదలుపెడితే మంచిది. ఐప్పసి వానలు పడితే నీళ్ళే దారి చూపిస్తాయి, కానీ అప్పటికి కల్వర్టుల పని అయిపోతుంది.